పైడమ్మ పన్నెండు గింజలు

పెద్ద అడవి అది. అటు చివర ఎవరుంటారో పులికి కూడా సరిగ్గా తెలియదు. ఆ అడవిలో చదువుకునే పిల్లల కోసం ఒక బ్యాంకు ఉండేది. దాని మేనేజరు ఎలుగుబంటి భూషణం గారు. ఖాతాలో ఏమీ లేకపోయినా పన్నెండు ఇప్పగింజల దాకా తీసుకోవచ్చు.

"చదువయ్యాక మెల్లగా కట్టు తల్లీ, కంగారేముంది?" అంటూ వేలిముద్ర వేయించుకునేవారు.

ముళ్ళపంది పైడమ్మ నర్సు చదివేటప్పుడు ఆ పన్నెండూ తీసుకుంది. పరీక్షల రోజుల్లో వాటితోనే కడుపు నింపుకుంది. పాసయింది. ఏటి అవతల ఆస్పత్రిలో ఉద్యోగం దొరికింది. ఆ హడావుడిలో బాకీ సంగతి మర్చిపోయింది. బ్యాంకు నుంచి కూడా ఒక్క కబురు రాలేదు.

తొమ్మిదేళ్ళ తర్వాత ఒక పొద్దున ఆవిడ కిటికీలో చిలుక వాలింది.

"పైడమ్మ గారూ, మీరు మూడు వందల నలభై గింజలు బాకీ. ఇవాళే కట్టాలి. లేకపోతే మా సారు వస్తారు."

"నేను తీసుకుంది పన్నెండే కదా!"

"మీరు మూడు వందల నలభై గింజలు బాకీ. ఇవాళే కట్టాలి," అంది చిలుక. విన్నది అప్పజెప్పడమే దాని ఉద్యోగం.

దాని సారు దుమ్ములగొండి గవర్రాజు. భూషణం గారు పాత బాకీల చిట్టా మొత్తం ఆయనకి అమ్మేశారు. ఎంతకి అమ్మారో ఎవరికీ తెలియదు. పెద్దగా అరవగలగడం తప్ప గవర్రాజుకి వేరే అర్హత లేదు.

చిలుక రోజూ వచ్చేది. పైడమ్మకి అన్నం సయించేది కాదు, ఆకు కదిలినా ఉలిక్కిపడేది. భయపడి నెల జీతం నలభై గింజలూ ఇచ్చేసింది.

మర్నాడు చిలుక, "మీరు మూడు వందల అరవై బాకీ," అంది.

"నిన్ననే నలభై కట్టాను కదే!"

"అవి మా సారు రానుపోను ఖర్చులు. పైన ఇంకో ఇరవై వడ్డీ."

అప్పుడు గవర్రాజుకి ఓ ఆలోచన వచ్చింది. ఈవిడ పరువు నలుగురిలో తీస్తే మిగతా బాకీదార్లంతా వాళ్ళంతట వాళ్ళే వచ్చి కడతారు. డప్పు తీసుకుని, చిలుకని భుజాన ఎక్కించుకుని, తిన్నగా ఆస్పత్రి వరండాలోకి వచ్చాడు.

"ఈవిడ బ్యాంకుని ముంచేసింది! ఇలాంటిదాని చేతి మందు తాగుతారా మీరు?"

కాలికి కట్టుతో పడుకున్న ఏనుగు తాత తల ఎత్తాడు. "ఎంత తీసుకుందయ్యా?"

"మూడు వందల అరవై!"

పైడమ్మ ముందుకి వచ్చింది. "పన్నెండు తీసుకున్నాను. నలభై కట్టాను. నా వేలిముద్ర ఉన్న కాగితం చూపించండి గవర్రాజు గారూ."

"కాగితాలు చెదలు తినేశాయి. నోటి మాట చాలదా? ఒసే చిలకా, మేనేజరు గారు నాతో ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పు!"

చిలుక గొంతు సవరించుకుని, అచ్చం భూషణం గారి గొంతుతో అంది: "తలకి రెండు గింజలిచ్చి చిట్టా పట్టుకుపో గవర్రాజూ. కాగితాలు లేవు. భయపడేవాళ్ళని చూసుకుని గుంజుకో."

జ్వరంతో పడుకున్న కోతి దుప్పటి తీసేసి లేచింది. "నేను నూట ఎనభై కట్టాను," అంది. అడవిపంది లేచింది. ఏనుగు తాత కట్టు కాలితోనే లేచాడు. గవర్రాజు డప్పు అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు.

పైడమ్మ బ్యాంకుకి వెళ్ళి, బాకీ తీరిందని కాగితం రాసిమ్మంది.

"మా దగ్గర నీకు బాకీయే లేదమ్మా, అమ్మేశాంగా," అన్నారు భూషణం గారు. "లేని బాకీ తీరిందని ఎలా రాసేది?"

"మరి నా నలభై గింజలు?"

"గవర్రాజు కనిపిస్తే అడుగు."

గవర్రాజు మళ్ళీ కనిపించలేదు. పాత బాకీలన్నీ వదిలించినందుకు ఆ ఏడాదే భూషణం గారికి ప్రమోషన్ వచ్చింది. సన్మాన సభలో వేసిన దండల బరువుకి ఆయన మెడ పట్టేసింది. ఆస్పత్రికి మోసుకొచ్చారు. ఆ అడవిలో సూది అంటే ముళ్ళపంది ముల్లే. పైడమ్మ ముల్లు కాస్త లోతుగానే దింపింది.

నీతి: పన్నెండు గింజలు బాకీపడినవాళ్ళు సిగ్గుతో తల వంచాలి, అడవి బాకీలన్నీ అమ్ముకున్నవాళ్ళు దండకి మెడ వంచాలి.