గుంతలు లేని క్వాసార్

రాష్ట్ర విజ్ఞాన శాఖామాత్యులు కిషన్ రావు గారు శుక్రవారం ఉదయం వరంగల్‌కు విచ్చేసి విశ్వాన్ని తనిఖీ చేస్తారని ప్రకటన వెలువడింది. 1982లో అంత తీరిక చేసుకున్న మంత్రి మరొకరు లేరు.

తనిఖీ చేయాల్సిన విశ్వం కాలేజీ హాల్లో, గోడకు కొట్టిన గ్రాఫు మీద ఉంది. ఫిజిక్స్ లెక్చరర్ మల్లికార్జున్, విదేశాల నుంచి తెప్పించుకున్న ఫొటో ముందు ఏళ్ల తరబడి కూర్చుని, ఎక్కడో విశ్వం అంచున చుక్కలా వెలిగే ఒక క్వాసార్ వెలుగులో ఏ రంగు ఎంత వచ్చిందో గీతగా గీశాడు. అది చూసి మంత్రి గారు ఔనంటే, ఆ వెలుగును కొలిచే యంత్రం మంజూరు. కాదంటే, రీసెర్చ్ సెక్షన్‌కు తాళం.

ముందురోజు ఏర్పాట్లు చూడటానికి ఎల్లస్వామి వచ్చాడు. పార్టీలో మహా కార్యదక్షుడు. మంత్రి వస్తాడంటే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కాలేజీ గేటు దాకా రోడ్డు మీద గుంతలు పూడ్పించే బాధ్యత ఆయనదే. గ్రాఫు చూడగానే ఆయన వేలు గీత కిందికి దిగిన చోటల్లా ఆగింది.

"ఏంది సార్, గీత నిండ గుంతలే?"

"ఆ గుంతలే అసలు సంగతన్నా. అక్కడ వెలుగు మనదాక వస్తలేదు. నడుమ గ్యాసు మింగుతాంది."

"ఎవరి గ్యాసు? అపోజిషనోళ్లదా?"

"కాదన్నా, క్వాసార్‌దే. దాని దగ్గర్నుంచే బయలెల్లి, దాని ముందటే నిలబడి, దాని వెలుగే మింగుతది."

"గిదేం అన్యాయం! మా సారు ఇలాకల గిట్ల నడవదు," అన్నాడు ఎల్లస్వామి నొచ్చుకుని. "మీరు ఫికర్ జెయ్యకున్రి. నేనున్న గద."

అన్న మాట నిలబెట్టుకునే మనిషి. తెల్లారి మల్లికార్జున్ హాల్లో అడుగుపెట్టేసరికి, గోడల మీద నినాదాలు రాసే యాకయ్య కుంచె కడుక్కుంటున్నాడు. గ్రాఫు మీద ఒక్క గుంత లేదు. గీత కొత్త తారురోడ్డులా నున్నగా సాగిపోతోంది. మల్లికార్జున్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"నా కష్టమంత మట్టిల కలిపినవు గదయ్యా!"

"మట్టెక్కడిది సార్? మంచి పెయింటే ఏసిన," అన్నాడు యాకయ్య.

మంత్రి గారు వచ్చారు. వచ్చినట్టు నినాదాలను బట్టి తెలిసింది గానీ, చుట్టూ మూగిన కార్యకర్తల వల్ల మనిషి కనిపించలేదు.

"గుంతలుండె సార్! పూడ్చేసిన్రు!" వెనక నుంచి మల్లికార్జున్ గొంతు చించుకున్నాడు.

"ఏమంటాండు?" గుంపు లోపలి నుంచి మంత్రి గారు అడిగారు.

"గుంతలు పూడ్పించినందుకు థ్యాంక్స్ చెప్తాండు సార్," అన్నాడు ఎల్లస్వామి.

మంత్రి గారు చలించిపోయారు. తమ పాలనలో విశ్వం సైతం నున్నబడిందని, కొలవడానికి ఏమీ మిగల్లేదు కనుక యంత్రం అక్కర్లేదని, ఇంత ఘనవిజయం సాధించిన రీసెర్చ్ సెక్షన్‌ను సాయంత్రానికల్లా మూసేయాలని అక్కడికక్కడే ఆర్డరేశారు. చప్పట్లతో హాలు మార్మోగింది.

మల్లికార్జున్ గ్రాఫు ఊడదీసి, చుట్ట చుట్టి చంకన పెట్టుకుని సైకిలెక్కాడు. గేటు బయట, నిన్న పూడ్చిన గుంతలో మంత్రి గారి కారు దిగబడి ఉంది. జీపుల్లోంచి కార్యకర్తలు దూకి, నాలుగు పక్కలా అద్దాలకు అతుక్కుని నిలబడ్డారు. కారును నెడదామని ఒక్కరికీ తోచలేదు.

ఎండ మాడు పగలగొడుతోంది.

"ఎల్లస్వామీ, గప్పుడే పొద్దుగూకిందా?" అని కారులోంచి మంత్రి గారి గొంతు వినిపించింది.

"గూకింది సార్," అన్నాడు ఎల్లస్వామి, అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరుగుతూ.