నోరు మెదపని శనివారం

ఆ శనివారం పొద్దున తాతయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. మనవరాలిని మైదానానికి తీసుకెళ్ళాలి. ఆట అయ్యేదాకా కుర్చీలో కూర్చోవాలి. మళ్ళీ ఇంటికి తీసుకురావాలి. ఈలోపల నోరు మెదపకూడదు. ఈ చివరి షరతు కూతురు పెట్టింది.

కూతురు ఆసుపత్రిలో నర్సు. వార్డులో అంత మెత్తగా మాట్లాడే మనిషి ఇంకొకరు లేరని రోగులు చెప్పుకుంటారు. ఫుట్‌బాల్ మైదానం గీత దగ్గరకు వచ్చేసరికి ఆ మెత్తదనమంతా ఎటు పోతుందో ఆవిడకే తెలియదు. పిల్లల క్లబ్బు వాళ్ళు ఆ ఏడాది పెద్దల కోసం ప్రవర్తనా నియమాలు పెట్టారు. చప్పట్లు కొట్టవచ్చు. అరవకూడదు, పిల్లలకు సలహాలు ఇవ్వకూడదు, రిఫరీ పుట్టుపూర్వోత్తరాలు తియ్యకూడదు. ఒక ఇంటికి మూడు హెచ్చరికలు వస్తే ఆ ఇంటి పిల్లకు ఆ ఏడాది జట్టులో చోటుండదు. కూతురు అప్పటికే రెండు సంపాదించింది. రెండోది, రిఫరీకి మంచి కళ్ళ డాక్టరు ఎక్కడుంటాడో చెప్పబోయినందుకు.

"నేనొస్తే నా నోరు ఊరుకోదు నాన్నా. అందుకే డ్యూటీ వేయించుకున్నా. మీరు వెళ్ళండి. మీరు గొంతెత్తగా నేను పుట్టి ఎరగను."

"ఆ శాఖ మీ అమ్మ చూసుకునేది కదమ్మా," అన్నాడు తాతయ్య, ఫ్లాస్కులో టీ పోసుకుంటూ. మూతకు రెండు కప్పులు బిగించాడు. ఆవిడ పోయి మూడేళ్ళయినా చేతికి ఆ అలవాటు పోలేదు.

మనవరాలు ఆ జట్టుకు గోలీ, అంటే గోలు కాసే పిల్ల. గుమ్మంలో బూట్ల తాళ్ళు బిగిస్తూ ఇంకో షరతు కలిపింది. "నావైపు చూడకు, చెయ్యి కూడా ఊపకు తాతయ్యా. సైగ చేశావని రాసేస్తారు."

"నేనెందుకు ఊపుతానే?"

"అమ్మ కూడా మొదట్లో 'నేనెందుకు అరుస్తానే' అనే అంది."

తాతయ్య గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. మౌనం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పిల్ల ముందుగా పరుగెత్తి జట్టులో కలిసిపోయింది. ఆయన మడత కుర్చీ చంకలో పెట్టుకుని గేటు దగ్గరకు వచ్చాడు. 'నిశ్శబ్దం పాటించండి' అని అక్కడ పెద్ద బోర్డు. దాని కింద నారింజరంగు జాకెట్టు వేసుకున్న బేకరీ యజమాని. ప్రతి ఆటకూ తల్లిదండ్రుల్లో ఒకరు ఆ జాకెట్టు తొడుక్కుని మిగతావాళ్ళ నోళ్ళు కాయాలి. ఎవరైనా నోరు తెరవబోతే అందులో పెట్టడానికి క్లబ్బు వాళ్ళు నిమ్మబిళ్ళల పొట్లం కూడా ఇస్తారు.

"నమస్కారమండీ, నిబంధనలు తెలుసుగా?" అన్నాడు బేకరీ ఆయన.

మాట ఇచ్చాక గేటు దగ్గర ఒకటి, గేటు లోపల ఒకటీనా? తాతయ్య చిరునవ్వు నవ్వి, పెదవుల మీద వేలు పెట్టి, బోర్డు వైపు చూపించి లోపలికి వెళ్ళిపోయాడు. నోళ్ళు కాయాల్సిన మనిషినే నోరు ముయ్యమన్న ఆ పెద్దమనిషి వైపు బేకరీ ఆయన అలా చూస్తూ ఉండిపోయాడు.

మైదానం మధ్యగీతకు ఎదురుగా కాస్త నీడ కనిపిస్తే తాతయ్య అక్కడ కుర్చీ వేసుకున్నాడు. గాలికి చెవి మిషను కుయ్యిమంటోంది. వేలు పెట్టి దాన్ని బాగా తగ్గించాడు. లోకం దూదిలో చుట్టినట్టు మెత్తబడింది. ఆట మొదలైంది. ఆయనకు ఆ ఆట ఓనమాలు తెలియవు. మనవరాలి వైపు చూడకూడదాయె. ఇక మిగిలింది మనుషులు. గ్రంథాలయంలో కూడా ఆయనకు పుస్తకాలు ఎంత ఇష్టమో, వాటిని చదివేవాళ్ళ ముఖాలు అంత ఇష్టం. ఇక్కడి ముఖాలు ఇంకా బాగున్నాయి. ఒక తండ్రి బంతి కదిలినప్పుడల్లా గాలిని తంతున్నాడు. ఒకావిడ హ్యాండ్‌బ్యాగు పట్టీని సగానికి నమిలేసింది. ఇంతకీ వీళ్ళందరి లోపలా ఎవరు ఆడుతున్నారో కనిపెట్టాలని ఆయన మెడ చాచి, ఒక్కొక్కరినీ శ్రద్ధగా చూడసాగాడు.

పక్కన కూర్చున్న పళ్ళ డాక్టరమ్మకు ఒళ్ళు జలదరించింది. "ఎవరి తాలూకు సార్ మీరు?" అని మెల్లగా అడిగింది. ఆయనకు ఆవిడ పెదవులు కదలడమే కనిపించింది. మళ్ళీ చిరునవ్వు, మళ్ళీ పెదవుల మీద వేలు. పాపం నోరు ఎండిపోయిందేమోనని రెండో కప్పులో టీ పోసి అందించాడు.

ఆవిడ వద్దంది. వద్దనడం మర్యాద కాదేమోనని మళ్ళీ తీసుకుంది. గబగబా తాగేసి, ఇంకో కప్పు పోస్తే అదీ తాగేసి, సరాసరి బేకరీ ఆయన దగ్గరకు నడిచింది.

"పోటీలు నడిపే లీగ్ వాళ్ళు మన మీద నిఘాకి మనిషిని పంపారండీ!"

"ఎవరూ, ఆ వేలు పెట్టే ఆయనా?"

"చెవిలో మిషనుంది చూడండి. ఎవరితోనో మాట్లాడుతున్నాడు. బంతిని చూడట్లేదు, మనల్నే చూస్తున్నాడు. బంతిని చూడకుండా ఫుట్‌బాల్‌కి వచ్చేవాడు ఎక్కడైనా ఉంటాడా?"

"అదీ నిజమే. టీ ఎందుకిచ్చాడు మరి?"

"పరీక్షకి!"

ఆ మాట బంతికంటే వేగంగా మైదానం చుట్టి వచ్చింది. కోచ్ తన మెత్త కుర్చీ స్వయంగా మోసుకొచ్చి తాతయ్య వెనక వేశాడు. తాతయ్య లేచి దణ్ణం పెట్టి వద్దన్నాడు. కోచ్ అంతకంటే వంగి దణ్ణం పెట్టాడు. ఎదుటివాడి నడుం పట్టేస్తుందేమోనన్న జాలితో తాతయ్య అందులో కూర్చున్నాడు. ఫుట్‌బాల్ వాళ్ళు ఇంత మర్యాదస్తులని ఆయన కలలో కూడా అనుకోలేదు.

కోచ్ భాష ఆ క్షణం నుంచే మారిపోయింది. "అమ్మా ఏడో నంబరు తల్లీ, నీకు వీలైతే, తొందరేం లేదు, కాస్త ముందుకి వెళ్ళగలవేమో చూడు!" ఏడో నంబరు పిల్ల ఆట మధ్యలో నిలబడిపోయి, కోచ్‌కి ఒంట్లో బాగోలేదా అన్నట్టు చూసింది.

అవతలి జట్టు వాళ్ళకూ కబురందింది. తామేం తక్కువ తిన్నామా అని వాళ్ళు ఇవతలి పిల్ల బంతి విసిరితే చప్పట్లు కొట్టారు. ఇవతలివాళ్ళు ఊరుకుంటారా? ఎందులోనూ రెండో స్థానానికి ఒప్పుకోని క్లబ్బది. అవతలి పిల్ల బంతిని పొరపాటున బయటికి తంతే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గోలు పోటీ పోయి మర్యాద పోటీ వచ్చిపడింది. తప్పుకి ఈల ఊదగానే ఎవరి పిల్ల తప్పు చేసిందో ఆ తండ్రే "భలే పట్టారండీ!" అన్నాడు. రిఫరీ ఉలిక్కిపడి, చొక్కా తిరగేసి తొడుక్కున్నానా అని ఒకసారి చూసుకున్నాడు.

పెద్దల రోగం పిల్లలకు అంటుకోవడం ఎంతసేపు! అవతలి జట్టులో రెండు జడల పిల్ల ఒకతి ఉంది, చిచ్చరపిడుగు. ఇవతలి పిల్లను ఢీకొట్టి పడేసింది. వెంటనే చెయ్యిచ్చి లేపి, మోకాళ్ళ మట్టి దులిపి, ఊడిన బూటు తాడు కట్టడానికి కూర్చుంది. బంతి ఎవరికీ అక్కర్లేనిదై దొర్లుకుంటూ గీత దాటిపోయింది.

విరామంలో కోచ్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "సార్, మా గురించి పైకి ఏమని చెప్పబోతున్నారు?" తాతయ్యకు ఒక్క ముక్క వినబడలేదు. ఆప్యాయంగా నవ్వాడు.

"నవ్వాడండీ," అని కోచ్ వెళ్ళి మిగతావాళ్ళకు చెప్పాడు. "మంచికో చెడుకో అంతుపట్టలేదు."

బిళ్ళల పొట్లం సగమైంది. రెండోసగం కూడా గోల్ లేకుండానే చివరికొచ్చింది. ఇలాగే ముగిస్తే చాలు, జట్టు పై వరసలో నిలుస్తుంది. మనవరాలు గోలు ముందు నిలబడి తనవాళ్ళకు ఏదో కేకేసి చెబుతోంది. తాతయ్యకు ఆ గొంతు వినాలనిపించింది. చూడొద్దంది గానీ వినొద్దనలేదు కదా! గాలి కూడా తగ్గిందని చెవి మిషను చివరికంటా పెంచాడు.

సరిగ్గా అప్పుడే రెండు జడల పిల్ల అందరినీ దాటుకుని బంతితో ఒంటరిగా దూసుకొచ్చింది. గంటసేపు బిగబట్టిన బేకరీ ఆయన నోట్లోంచి నిమ్మబిళ్ళ తూటాలా బయటికొచ్చింది.

"ముందుకి రావే! కాళ్ళ మీద పడవే! పట్టుకోవే!"

అంతే, కట్ట తెగింది. "కొట్టవే!" అని అవతలివాళ్ళు, "ఆపవే!" అని ఇవతలివాళ్ళు, అందరికంటే గట్టిగా కోచ్, హ్యాండ్‌బ్యాగు పట్టీ ఉమ్మేసి ఆ తల్లి. ఆ రొద మొత్తం పెంచి ఉన్న మిషనులోంచి తాతయ్య బుర్రలోకి ఒక్కసారి దిగింది. ఆయన ఆలోచించలేదు. ఆయన లోపలి గ్రంథాలయోద్యోగి లేచి నిలబడ్డాడు.

"నిశ్శబ్దం!!"

ఉద్యోగం చేసినన్నాళ్ళూ వాడకుండా దాచుకున్న గొంతంతా అందులో ఉంది. మైదానం రాయైపోయింది. రెండు జడల పిల్ల ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. రిఫరీ నోట్లోంచి ఈల జారి దారానికి వేలాడింది. బంతి ఒక్కటే నింపాదిగా దొర్లుకుంటూ వెళ్ళి మనవరాలి చేతుల్లో చేరింది.

రిఫరీ నడిచి వచ్చాడు.

"ఎవరండీ మీరు?"

"గోలీ తాతయ్యని."

గీత పొడుగునా ఒక మూలుగు సాగింది. "అయ్యో, రెండు కప్పులు తాగానే!" అంది డాక్టరమ్మ. కోచ్ తన కుర్చీ వంక చూసుకున్నాడు.

"లీగ్ మనిషి కాదా?" బేకరీ ఆయన ముఖం జాకెట్టు రంగుకి తిరిగింది. "ఈయన కోసమా గంట నుంచి బిళ్ళలు చప్పరించి చస్తున్నాం? రాయండి సార్, హెచ్చరిక రాయండి! ఆ ఇంటికి రెండున్నాయి. ఇది మూడోది!"

మనవరాలు బంతిని గుండెలకు హత్తుకుని నిలబడింది. ఆ కళ్ళల్లోకి తాతయ్య చూడలేకపోయాడు.

"తప్పు నాది బాబూ," అన్నాడు రిఫరీతో. "దానికి ఈ ఆటంటే ప్రాణం. మైదానమంతా ఊడవమన్నా ఊడుస్తాను. దాని చోటు మాత్రం తియ్యకండి."

రిఫరీ గడ్డం గోక్కున్నాడు. "మీరు ఏమని అరిచారు?"

"నిశ్శబ్దం అని."

"పిల్లలనా?"

"పిల్లలనెందుకంటాను? వాళ్ళు ఆడుకుంటున్నారు. పెద్దవాళ్ళని. ముఖ్యంగా..." తాతయ్య మొహమాటపడ్డాడు. "ఆ జాకెట్టు ఆయన్ని."

రిఫరీ బేకరీ ఆయన వైపు తిరిగాడు. "ఆ మాట అనాల్సిన పని ఇవాళ ఎవరిదండీ?"

బేకరీ ఆయన తన జాకెట్టును మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"రాయమంటే రాస్తాను," అన్నాడు రిఫరీ. "కాకపోతే మొదట అరిచినవాళ్ళతో మొదలుపెట్టి వరసగా రాసుకొస్తాను. మీ పేరు చెప్పండి."

ఎవరికీ పేరు గుర్తున్నట్టు లేదు. రిఫరీ నవ్వాపుకుంటూ చెయ్యి చాచాడు. "మీ పని ఆయన చేశాడు కాబట్టి జాకెట్టు ఆయనకిచ్చెయ్యండి. పని చేసినవాడికి హెచ్చరికేంటి? ఇన్నేళ్ళుగా ఈల ఊదుతున్నాను. నా ఈల నాకు వినబడింది ఇవాళే."

బంతిని మనవరాలి ముందు వదిలి ఆట మళ్ళీ మొదలుపెట్టాడు. కాసేపటికే చివరి ఈల పడింది. గోలూ లేదు, హెచ్చరికా లేదు. రెండు జడల పిల్ల వెళ్ళిపోతూ తాతయ్య దగ్గర ఆగింది. "మా లెక్కల మాస్టారనుకున్నా తాతగారూ. అందుకే ఆగిపోయా," అంది. కోపం లేని ఆ పలకరింపు తాతయ్యకు రోజంతటికీ సరిపోయింది.

సాయంత్రం కూతురు గుమ్మంలో చెప్పులు విప్పకుండానే అడిగింది. "నోరు మెదపలేదుగా నాన్నా?"

"ఒక్కసారే మెదిపాడమ్మా," అంది మనవరాలు. "ఊరంతా వినబడింది."

తాతయ్య నారింజరంగు జాకెట్టును జాగ్రత్తగా మడిచి కుర్చీ వీపు మీద వేశాడు. "మీ అమ్మ శాఖ నాకు బదిలీ అయిందమ్మా," అన్నాడు. గోడ మీది ఫొటో వైపు కాస్త గర్వంగానే చూశాడు.

రాత్రి భోజనాల వేళ కోచ్ ఫోన్ చేశాడు. పిల్ల చోటుకేం ఢోకా లేదట, కానీ పెద్దాయన మాత్రం ప్రతి శనివారం తప్పకుండా రావాలట. జట్టులో అందరికంటే ముందు ఖాయం చేసింది ఆయన్నేనట, మిగతా ఆటగాళ్ళను ఇంకా ఎంపిక చెయ్యాల్సి ఉందన్నాడు.