ముందు ఆ నలుగుర్నీ తియ్యండి

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మొదలయ్యే ఆట కోసం డ్రిల్లు మాస్టారు ఎనిమిదింటికే స్నానం ముగించి, కళ్లద్దాలు తుడుచుకుని, టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. ఉద్యోగం నుంచి దిగిపోయి ఆరేళ్లయినా వీధిలో అందరూ ఆయన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఆ రోజు ఆడపిల్లల ఫుట్‌బాల్ సెమీఫైనల్. గోల్ ముందు నిలబడబోయేది ఆయన శిష్యురాలు. ఎనిమిదో తరగతిలో బంతి దగ్గరికొస్తే కళ్లు మూసుకునేది. ఆ కళ్లు తెరిపించడానికి ఆయనకు రెండేళ్లు పట్టింది.

"పదకొండింటిదాకా నన్ను పిలవొద్దు," అని భార్యకు చెప్పారు.

"పిలిస్తే మాత్రం పలుకుతారా," అంది ఆవిడ, ఉతికిన బట్టలు మడతపెడుతూ. ఆవిడ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఏ పనిలో ఉన్నా ఒక చెవి ఇటు పడేసి ఉంచుతుంది.

తొమ్మిదయింది. తెర మీద ఒక గాజు బల్ల, దాని చుట్టూ నలుగురు నిపుణులు. ఆట మొదలైనట్టు ఈల వినిపించింది గానీ ఆట కనిపించలేదు. నిపుణుల వెనక గోడ మీద అగ్గిపెట్టెంత కిటికీలో పచ్చగా ఏదో కదులుతోంది. మాస్టారు కుర్చీ ముందుకు జరిపారు. ఇంకా జరిపారు. మోకాళ్లు టీవీ బల్లకు తగిలేసరికి నీలం కోటాయన తల కిటికీకి అడ్డం వచ్చింది.

"ఎవరు ఎక్కువ గోల్స్ వేస్తే వాళ్లే గెలుస్తారని నా అభిప్రాయం," అన్నాడు నీలం కోటాయన. మిగతా ముగ్గురూ తలలూపారు. సిమెంటు ప్రకటన వచ్చింది. తర్వాత బనియన్ల ప్రకటన వచ్చింది. అవి పోయేసరికి ఇందాకటి అభిప్రాయం మీద చర్చ నడుస్తోంది.

"ముప్పై రెండేళ్లు పిల్లల్ని ఆడించాను. ఈ రహస్యం నాకెవరూ చెప్పలేదు," అన్నారు మాస్టారు.

తెర అడుగున ఒక ఫోన్ నంబరు పరిగెడుతోంది. ఫిర్యాదులకే అయ్యుంటుందనుకుని ఆయన దానికి ఫోన్ చేశారు.

"చెప్పండి సార్, ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారు?" అంది ఓ అమ్మాయి.

"హాల్లోంచి."

"ఏం చేస్తుంటారు సార్?"

"ఇప్పుడేం చెయ్యట్లేదు. ఆ గోల్‌కీపరుకి ఆట నేర్పింది నేనే. కనీసం పిల్ల మొహమైనా చూద్దామని కూర్చుంటే..."

"కోచ్ గారా. ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్."

నిమిషం తర్వాత ఒక మగ గొంతు పలికింది. "చెప్పండి కోచ్ గారూ, ఇప్పుడేం చెయ్యాలంటారు?"

పై అధికారికి కలిపారనుకుని మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ముందు ఆ నలుగుర్నీ తియ్యండి."

"నలుగురు డిఫెండర్లనీనా?"

"వాళ్లనేమంటారో నాకు తెలీదు. అడ్డంగా ఉన్నారు. ముఖ్యంగా ఆ నీలం. పొద్దుట్నుంచీ నోరే గానీ కాలు కదపలేదు."

శిష్యురాలి జట్టు కెప్టెన్ చేతికి నీలం పట్టీ ఉందని, ఆట కనిపించని మాస్టారికి తెలిసే దారి లేదు. తెర అడుగున ఎర్రక్షరాలు పరిగెత్తాయి: "కెప్టెన్‌ను తప్పించాలి. గోల్‌కీపర్ కోచ్ సంచలన డిమాండ్." ఆయన అద్దాలు సర్దుకుని చదివేలోగా టీవీలో ఎవరో, "ముందు ఆ నలుగుర్నీ తియ్యండి," అన్నారు.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "చూశావా, నాలాగే విసిగిపోయినవాడు ఇంకొకడున్నాడు," అన్నారు భార్యతో.

కాసేపటికి టీవీ కూడా, "చూశావా, నాలాగే విసిగిపోయినవాడు ఇంకొకడున్నాడు," అంది.

"వీడెవడో నన్ను వెక్కిరిస్తున్నాడు."

"వీడెవడో నన్ను వెక్కిరిస్తున్నాడు," అంది టీవీ.

ఆవిడ దుప్పటి పక్కన పడేసి వచ్చింది. "ఆ గొంతు మీదే. మీ మాటలు ఊరంతా వింటోంది. ఫోన్ పెట్టెయ్యండి."

"ఎలా పెట్టను, లైన్లో ఉండమన్నారు. ఉండమన్నాక ఉండాలని ముప్పై ఏళ్లు అందరికీ చెప్పింది నువ్వేగా."

అంతలో తెర నిండా ఒక పెద్ద టెలిఫోన్ బొమ్మ వచ్చి కూర్చుంది. అగ్గిపెట్టె కిటికీ కూడా దాని కింద పడిపోయింది. ఎక్కడో ఈల మోగింది. "పెనాల్టీ," అన్నారెవరో. ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ వెంటనే పెద్ద హోరు.

"ఏమైంది? పిల్ల ఆపిందా?" అన్నారు మాస్టారు ఫోన్లో.

"మీరే చెప్పాలి కోచ్ గారూ. మేమంతా మీ మాటే వింటున్నాం."

టెలిఫోన్ బొమ్మ వెనక ఏమైనా కనబడుతుందేమోనని మాస్టారు వంగి చూశారు. బనియన్లు వచ్చాయి.

సాయంత్రం శిష్యురాలే ఫోన్ చేసింది. "మాస్టారూ, గెలిచాం. పెనాల్టీ ఆపాను. చూశారా?"

"లేదమ్మా. మాట్లాడుతూ ఉండిపోయాను. ఎటు దూకావు?"

"ఎడమకి. కళ్లు మూసుకోలేదు." గొంతు తగ్గించి అంది. "మా కెప్టెనక్క మాత్రం మీమీద కోపంగా ఉంది మాస్టారూ. తను మీకేం చేసిందని అడుగుతోంది."

"ఏ కెప్టెను?" అన్నారు మాస్టారు.

మర్నాడు టీవీవాళ్లు ఫోన్ చేశారు. ఆ కార్యక్రమాన్ని మునుపెన్నడూ లేనంతమంది చూశారట. వచ్చే ఆదివారం ఫైనల్‌కి మాస్టారు స్వయంగా వచ్చి మాట్లాడాలట. కడిగి పారేద్దామని ఆయన ఊపిరి పీల్చుకునేలోగా భార్య ఫోన్ అందుకుంది.

"బాబూ, మీ దగ్గర కూర్చుంటే ఆట కనబడుతుందా?"

"ఎందుకు కనబడదమ్మా. లోపల మాకోసం గోడంత తెర ఉంది."

ఆదివారం గాజు బల్ల దగ్గర ఐదో కుర్చీ పడింది. మాస్టారు దాన్ని తెరవైపు తిప్పుకున్నారు. సిమెంటు లేదు, బనియన్లు లేవు. శిష్యురాలు ఐదు బంతులు ఆపింది, రెండు వదిలింది, జట్టు ఓడిపోయింది. ఆయన మాత్రం ఆమె ప్రతి అడుగూ చూశారు. నీలం కోటాయన మూడుసార్లు ఆయన అభిప్రాయం అడిగాడు.

"ఉండవయ్యా, పిల్ల ఆడుతోంది," అన్నారు మూడుసార్లూ.

ఆట చూస్తూ కూర్చున్నారన్న కారణంతో టీవీవాళ్లు ఆయన్ని మళ్లీ పిలవలేదు.