మూడంగుళాల బ్రహ్మస్థానం

సూర్యభగవానుడు ఎదురింటి నీళ్ల ట్యాంకును అధిరోహించి లోకమును పరికించుచున్న శుభవేళ, మూడవ అంతస్తు మీది రెండుగదుల సామ్రాజ్యమునందు, ముప్పై ఏండ్లు పట్టణ ప్రణాళికల ఆఫీసులో పరుల పురములకు నక్షాలు గీసి గీసి నిన్ననే రిటైరైన రేఖాధురంధరుడు, స్కేలుపాణి, సుద్దముక్కాయుధుడు మోకాళ్లపై ప్రాకుచు ముందుగది నేల నిండ ఎనుబదియొక్క గడులు గీసి ముగించెను. నడుము పట్టివేసెను. వీరులకది మామూలే.

రాజప్రాసాదమైనను, మహానగరమైనను ప్రాచీన శిల్పశాస్త్రము ఇట్లే గడులుగా విభజించును. నట్టనడిమి తొమ్మిది గడులు బ్రహ్మస్థానము. అచట స్తంభము నాటరాదు, బరువు మోపరాదు. కాని మన వీరుని ఇంట సరిగ్గా ఆ పవిత్రశూన్యము పైననే నాలుగు ఇనుపపాదములు మోపి, కటకటారావభీషణమై, కుట్టుమిషను గర్జించుచుండెను. దాని వెనుక ఆసీనురాలైనది ఆయన ధర్మపత్ని, సూచీహస్త, వీధివీధి నడుము కొలతలెరిగిన టైలరమ్మ.

వీరుడు లేచి స్కేలునెత్తి గర్జించెను. "ఓ సూచీధారిణీ, వినుము. సప్తప్రాకారపరివేష్టిత హర్మ్యములలో చక్రవర్తులు సైతము పీఠము వేయ వెరచిన స్థలమున నీ యంత్రరాజమును ప్రతిష్ఠించితివి. తక్షణమే తొలగింపుము. ఊళ్లకు ఊళ్లు నేను చెప్పిన చోట లేచాయి. ఈ ఇంట్లో నేను చెప్పిన చోట ఒక్క చెంబైనా ఉందా?"

చివరి మాటకు గ్రాంథికము జారిపోయెను. ఆయనకు నిజముగనే కష్టము కలిగెను.

టైలరమ్మ కాలు ఆపెను. "జరిపితే వెలుతురు చాలక సూది కన్ను కనపడదండి. సాయంత్రానికి నాలుగు గౌన్లు ఇవ్వాలి." పిదప నేలవంక చూచి, "అదేంటి, ఆ ఎడమ చివరి గడులు బక్కచిక్కిపోయాయి?" అనెను.

"బక్కచిక్కలేదు. మిగతా తొమ్మిదంగుళాలు గోడలో ఉన్నాయి. బయటి గోడ ఆ ఒక్క పక్కే కదా. నక్షా ఎప్పుడూ గోడ బయటి నుంచే కొలవాలి."

"కుట్లలో పోయే గుడ్డని ఒంటి కొలతలో కలుపుతారా ఎవరైనా? గోడలో మీరు కాపురం ఉంటారా?"

ముప్పై ఏండ్లలో ఏ పై అధికారియు అడుగని ప్రశ్న. వీరుడు తడిగుడ్డ తెచ్చి గీతలన్నియు తుడిచెను. ఈసారి టేపునకు ఒక కొస ఆయన, రెండవ కొస ఆమె పట్టిరి. గడులు తిరిగి గీయబడగా బ్రహ్మస్థానము కుడికి జరిగి, మిషను అంచు దాటి, పక్కనున్న గుడ్డపీలికల బుట్ట అడుగునకు మూడంగుళముల మేర చొచ్చెను.

"అంటే ఇప్పుడు ఆ బుట్ట తీయాలి," అనెను వీరుడు, ఆమె తీయదని నమ్మిన వాని కంఠముతో.

"తీస్తే పోయె," అని ఆమె కాలితో బుట్టను మంచము కిందికి నెట్టెను. "అక్కడ ఇంకేమీ పెట్టను లెండి."

వినుడు, వినుడు. మూడంగుళముల వెడల్పు, మూడడుగుల పొడవు గల ఆ జయించిన భూమి మీద, ఒక పాదము వెనుక ఒక పాదము మోపి, మిషనును పట్టుకొని పడకుండ నిలిచి, తాను చెప్పగా కదిలిన బుట్టను ఆ సార్వభౌముడు తనివితీర చూచుకొనెను.