పాము డాక్టరు రాసిచ్చిన కాగితం

అదొక పెద్ద అడవి. అందులో సింహం గారికి ఒక కలప డిపో ఉండేది. అక్కడ దుంగలు లాగే గాడిద సూరమ్మ ముందుకాలి మీద ఒకరోజు దుంగ దొర్లి పడింది. కాలు వాచి గుమ్మడికాయంత అయింది.

పనిలో దెబ్బ తగిలితే నయమయ్యేదాకా ఇంటికే గడ్డి పంపాలని డిపో రూలు. అయితే డాక్టరు రాసివ్వాలి. రాసివ్వకపోతే సూరమ్మా, ఇద్దరు పిల్లలూ పస్తులే.

డిపో డాక్టరు కొంగ. అది ఒంటికాలి మీద నిలబడి సూరమ్మ కాలు చూసింది.

"నేను పుట్టినప్పటినుంచీ ఒక్క కాలి మీదే నెట్టుకొస్తున్నా. నీకింకా మూడున్నాయి కదమ్మా" అని, పనికి పోవచ్చని రాసేసింది.

సూరమ్మ తల దించుకుని వచ్చేసింది. తోటి పనివాడు దున్నపోతు ఎంకన్న మాత్రం ఊరుకోలేదు. ఇంకో డాక్టరుకి చూపించుకునే హక్కు ఉంది, అడగమని వెంటపడ్డాడు.

అడిగితే నక్క మేస్త్రీ వెంటనే ఒప్పుకుంది. కాకపోతే ఆ డాక్టరు డిపో లిస్టులో ఉండాలంది. లిస్టులో ఉన్నది ఒక్క పాము.

పాము సూరమ్మ చుట్టూ రెండుసార్లు పాకింది.

"ఎక్కడమ్మా నొప్పి?"

"కాలండీ."

"కాలంటే?"

సూరమ్మ సిగ్గుపడుతూ చూపించింది.

"ఓ, ఇవా. ఇవెందుకు పెట్టుకున్నావు? మా ఇంట్లో ఎవరికీ లేవు" అంది పాము. పని చేయడానికి కాళ్లు అక్కర్లేదని తోకతో రాసిచ్చింది.

నక్క మురిసిపోయింది. ఇకమీదట ఎవరూ కాలు నొప్పని రాకుండా ఆ కాగితాన్ని గేటుకి అంటించి, సింహం గారి ముద్ర కూడా వేయించింది.

మర్నాడు పొద్దున చూస్తే పనివాళ్లందరూ గేటు ముందు పొట్టల మీద పడుకుని ఉన్నారు.

"ఏంట్రా ఇది? లేవండి" అంది నక్క.

"పనికే వచ్చాం మేస్త్రీగారూ" అన్నాడు ఎంకన్న తాపీగా. "కాళ్లు అక్కర్లేదని రాశారుగా, పాకుతున్నాం. ఇప్పటికి జానెడు వచ్చాం."

ఏనుగు కూడా పాకబోయి ఒక పక్కకి పొర్లింది. ఆఫీసు గోడ కూలింది.

మూడు రోజులు ఒక్క దుంగ కదల్లేదు. చివరికి సింహమే వచ్చి, కాళ్లు లేకుండా పనెలా అవుతుందని నక్క మీద విరుచుకుపడింది.

"అయ్యా, ఆ మాటే కాస్త కాగితం మీద రాసిస్తారా" అంది సూరమ్మ మెల్లగా.

రాసివ్వక తప్పలేదు. సాయంత్రానికి గడ్డిమోపు ఇంటికి చేరింది.

కాబట్టి డాక్టరు మాట ఎప్పుడూ జవదాటకూడదు. అందరూ కలిసి పాటిస్తే తొందరగా గుణం కనిపిస్తుంది.