కాలవ పాలైన మాల్బెక్

ఆ ఆదివారం పొద్దున్న హసింతో రెండే పనులు పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి పక్కటెముకల మాంసం నిప్పుల మీద కాల్చడం, అది తిన్నాక, భోజనానికి పిలిచిన దెల్ఫీనాని పెళ్ళికి ఒప్పించడం. ఆయనకి అరవై ఎనిమిది, ఆవిడకి రెండేళ్ళు తక్కువ. ఇద్దరూ ఒంటరివాళ్ళే. ఆవిడ ఇల్లు దారికి అవతల. కాదందంటే ఇక ఆ దారెంట తలెత్తుకుని నడవలేడు.

అందుకే తన తోట ద్రాక్షపళ్ళతో తానే చేసి, ఏడేళ్ళు దాచిన మాల్బెక్ వైన్ సీసా బయటికి తీశాడు. కొవ్వు కారే మాంసం ఒక ముక్క, ఈ ఎర్ర వైన్ ఒక గుక్క పడితే మెండోసాలో ఎంత మొండివాళ్ళైనా మెత్తబడతారు. కానీ అక్కడ జనవరి అంటే నడి వేసవి, ఆ ఎండకి సీసా కషాయంలా కాగి ఉంది. ఫ్రిజ్‌లో పెడితే వైన్ ప్రాణం పోతుందని ఆయన నమ్మకం. గ్లాసులో ఐసు ముక్క వేసుకుంటాడని పక్క తోట నికనోర్‌ని ఇరవై ఏళ్ళుగా వెక్కిరిస్తున్నది ఈయనే.

సీసాని ద్రాక్ష కోసే తగరపు బకెట్టులో నిలబెట్టి, కొండ మంచు కరిగి వచ్చే ఇంటి ముందు కాలవలో మడమల లోతు నీళ్ళలో దించాడు. పది నిమిషాలు చాలనుకున్నాడు.

ఒంటిగంటకి వదలాల్సిన నీళ్ళని, ఇంట్లో భోజనం చల్లారిపోతుందని నీరటి రోసెందో పన్నెండింటికే వదిలేశాడు. కాలవ నిండింది. బకెట్టు పెళ్ళికూతురి పల్లకీలా ఒకసారి ఊగి బయల్దేరింది.

మాంసాన్ని నిప్పులకి వదిలేసి హసింతో పరుగందుకున్నాడు. నికనోర్ తోట తూము దగ్గర బకెట్టు తగులుకుంది. వంగి చెయ్యి పెట్టాడో లేదో, వెనక నుంచి కేక.

"ఒరేయ్ హసింతో! ఇవాళ నీళ్ళ వంతు నాది. నా తూములో నీ చెయ్యేంట్రా?"

"టోపీ పడిపోయిందిరా!"

"మరి నెత్తి మీదున్నదేంటి, మూకుడా?"

"ఇది రెండోది."

ఈలోగా బకెట్టు జారుకుంది. దాని వెంట హసింతో, హసింతో వెంట పారతో నికనోర్. అది చూసి నికనోర్ భార్య ఎల్విరా గుండెలు బాదుకుంది.

"అయ్యో, మా ఆయన నీళ్ళ కోసం మనిషిని చంపేస్తున్నాడు! పట్టుకోండర్రా!"

భోజనాల దగ్గర నుంచి జనం లేచారు. ఒకడు ఫోర్కుతో, ఒకావిడ సగం కొరికిన రొట్టెతో. ఎవర్ని పట్టుకోవాలో తెలియక అందరూ అందరి వెనకా పరుగెత్తారు.

వంతెన కింద ఇనప చువ్వలకి తగిలి బకెట్టు ఆగింది. హసింతో మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి సీసా పైకెత్తాడు. చెక్కు చెదరలేదు. నికనోర్ పార దించాడు.

"వైన్‌ని కాలవలో పెట్టావా? నువ్వా?"

"కాస్త చల్లబడుతుందని..."

"నేను వేసుకున్నది ఒక్క ఐసు ముక్కేరా! నువ్వు కొండ మీది మంచునంతా కరిగించి వాడుకున్నావు!"

అందరూ పగలబడి నవ్వారు, ఎల్విరా తప్ప. "ఇంతకీ నీ మాంసం ఎవరు చూస్తున్నారయ్యా?"

హసింతో పై ప్రాణాలు పైనే పోయాయి. పోగైన పధ్నాలుగు మందీ వెనక్కి పరుగెత్తారు.

పెరట్లో దెల్ఫీనా పండగ గౌను చేతులు పైకి మడిచి, పటకారుతో నిప్పులు సర్దుతోంది. ఒకరి నిప్పు దగ్గర ఇంకొకరు పటకారు పట్టడమంటే, ఆ ఊళ్ళో మీసం పట్టి లాగినట్టే. ఆవిడ ఒక ముక్క కోసి నికనోర్ చేతిలో పెట్టింది. అతను నమిలాడు, కళ్ళు మూసుకున్నాడు, చప్పట్లు కొట్టాడు.

వైన్ మనిషికి రెండు గుక్కలు వచ్చింది. హసింతో గొంతు సవరించుకున్నాడు. "దెల్ఫీనా గారూ, ఇవాళ మిమ్మల్ని ఒక మాట..."

"తెలుసు. కాదని చెప్పడానికే వచ్చాను."

ఆవిడ పటకారు పక్కన పెట్టింది.

"పోయిన మా ఆయన ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు నన్ను నిప్పు దగ్గరికి రానివ్వలేదు. మీరూ ఆ బాపతే అనుకున్నాను. వచ్చి చూస్తే అంతా నాకు అప్పజెప్పి, మీరు తప్పుకున్నారు. ఇంత మర్యాద నాకెవరూ చెయ్యలేదండీ. సరే, చేసుకుందాం."

నికనోర్ నిజం చెప్పబోయాడు. ఎల్విరా అతని నోట్లో ఇంకో ముక్క కుక్కింది.

ఆ రోజు నుంచి ఆదివారాలు నిప్పు దెల్ఫీనాది, హసింతో టమాటాలు తరుగుతున్నాడు. ముక్కలు కాస్త పెద్దవవుతున్నాయని ఆవిడ అభిప్రాయం.