హుల్‌ద్రా చెంచా

ఆదివారం పొద్దున్న బిర్గిట్ వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి ఆడపడుచు సిగ్నె కాఫీకి వస్తుంది. అత్తగారి ఆరు వెండి చెంచాలూ బల్ల మీద తళతళలాడాలి. వాటి మీదే అలిగి తొమ్మిదేళ్లుగా గడప తొక్కని మనిషి, వాటితోనే కాఫీ కలుపుకుని రాజీపడాలి. చెంచాల పిడి కొసల్లో సెతెస్‌దాల్ లోయ కథల్లోని వాళ్లందరూ బొమ్మలుగా ఉన్నారు: పశువుల కొట్టంలో కాపురముండే ఎర్రటోపీ మరుగుజ్జు, కొండరాక్షసుడు, మనుషుల్ని నీళ్లలోకి లాగేవాడు. తీరా సొరుగు తీస్తే ఐదే ఉన్నాయి. ఆవుతోక గల అడవి అందగత్తె హుల్‌ద్రా లేదు.

"తల్లక్!"

భర్త తల్లక్ అప్పటికే చెవులదాకా ఎర్రబడ్డాడు. "నిన్న గాలానికి కట్టే మెరుపు రేకు కనబడలేదు. సొరుగులో ఇది మెరిసింది. దాని తోక వంపులో దారం భలే కూర్చుందిలే."

"తర్వాత?"

"చేపకీ నచ్చింది. మింగేసి పోయింది."

అంతలో తలుపు చప్పుడైంది. "కంసాలి దగ్గరుందని చెప్పు," అని గొణిగి బిర్గిట్ తలుపు తీసింది.

సిగ్నె కూర్చుంది. చెంచాలు లెక్కపెట్టింది. "ఆరోది?"

"తోక వంకరపోతే కంసాలికిచ్చామక్కా," అన్నాడు తల్లక్.

సిగ్నె ముఖం పాలిపోయింది. నమ్మలేదు కాబోలనుకుని బిర్గిట్ అబద్ధానికి ఇంకో పూత పూసింది. "బాగుచెయ్యడానికే కాదు వదినా, వెండి ఎంత మేలుదో గీటుపెట్టి చూస్తానన్నాడు."

సిగ్నె కప్పులో కాఫీని కలిపిందే కలపసాగింది.

"మిగతావి కూడా రేపు తెమ్మన్నాడు," తల్లక్ ఉత్సాహంగా అందుకున్నాడు. "ఎవరు చేశారో కూడా చెప్పేస్తాడట!"

కాఫీ బల్లగుడ్డ మీద ఒలికిపోయింది.

"పోలీసులదాకా వెళ్లకురా తమ్ముడూ, నేనే చెప్పేస్తాను!" సిగ్నె చేతిసంచిలోంచి గుడ్డమూట తీసి విప్పింది. ఆరు చెంచాలు, హుల్‌ద్రాతో సహా. "అమ్మ పోయినప్పుడు తోమి తెస్తానని పట్టుకెళ్లాను కదా. మా ఆయన ఐవిండ్ చేత అచ్చం ఇలాంటివే జర్మన్ సిల్వర్‌తో చేయించి మీకిచ్చాను. అలక్కాదు, మీ మొహాలు చూడలేకే రాలేదు. ఇవాళ ఇచ్చేద్దామనే వచ్చాను."

ప్రతి పండక్కీ భుజాలు పడిపోయేలా తోమింది జర్మన్ సిల్వర్‌నా! బిర్గిట్‌కి కోపం ముంచుకొచ్చింది. కోప్పడే అర్హత తనకెంతుందో తేల్చుకోలేక, ఒక వాఫుల్ తీసి ఆమె పళ్లెంలో వేసింది. "పోనీలే వదినా. అయిందేదో అయింది."

"ఒక్కటే అడుగుతాను మరదలా. ఆ జర్మన్ సిల్వర్‌వి నాకిచ్చెయ్యండి. ఐవిండ్ పోయి ఏడాదైంది. ఆయన చేత్తో చేసినవి నా దగ్గర ఇంకేవీ లేవు. కంసాలి దగ్గరున్నది నేనే వెళ్లి తెచ్చుకుంటాను."

తల్లక్ బల్లగుడ్డ మీది మరక వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది.

"అక్కా, అది కంసాలి దగ్గర లేదు. చేప కడుపులో ఉంది," అని జరిగిందంతా చెప్పేశాడు.

సిగ్నె ముక్కు తుడుచుకుంది. బల్ల మీది ఐదు చెంచాలనూ ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుంది.

"ఎంత చేప?" అంది చివరికి.

తల్లక్ రెండు చేతులూ బార చాపాడు. ఆ రోజు ఆ ఇంట్లో చెప్పిన ఆఖరి అబద్ధం అదే.